మేధాసంపత్తి, వాణిజ్య వ్యాజ్యాల న్యాయవాదులు (భారతదేశం)

పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, కాపీరైట్లు, వ్యాపార ఒప్పందాల తగాదాలనే జీవనాధారం చేసుకున్న న్యాయవాదులు భారతదేశంలో ఒక ప్రత్యేక వర్గంగా కనిపించడం 1990ల నుంచే. చట్టాలు మాత్రం చాలా పాతవి. 1856 నాటి తొలి పేటెంటు చట్టం బ్రిటిష్ రాణి ముందస్తు అనుమతి తీసుకోలేదన్న కారణంగా మరుసటి ఏడే రద్దయి, 1859లో మళ్లీ వచ్చింది. ఆ తొలి చట్టం కింద కలకత్తా ఇంజినీరు జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ హక్కు కోరింది పంకా లాగే యంత్రానికి; ఆ ఊరి వేసవి తెలిసినవారికి అందులో ఆశ్చర్యమేమీ ఉండదు. 1911 పేటెంట్లు, డిజైన్ల చట్టం, 1940 ట్రేడ్‌మార్కుల చట్టం, 1957 కాపీరైటు చట్టం, 1970 పేటెంట్ల చట్టం వరసగా వచ్చాయి. అయినా వృత్తి పెరగలేదు. దాన్ని పెంచింది హక్కును కాగితం మీద రాసిచ్చిన చట్టాలకన్నా, ఆ హక్కుకు భంగం కలిగిన వారంలోనే అడ్డుకట్ట వేయగల కోర్టు విధానమని చెప్పడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి.

పాత్రలకు మెరుగుపెట్టే సాధనంపై బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ సంస్థల మధ్య 1950ల ఆరంభంలో రేగిన పేటెంటు తగాదా 1978 డిసెంబరులో గానీ సుప్రీంకోర్టులో తేలలేదు. అందులో కొత్తదనం లేదని కోర్టు పేటెంటును కొట్టేసింది. దాని గడువు అంతకు ఏళ్ల ముందే తీరిపోయింది. ఇలాంటి ఫలితం కోసం ఏ వ్యాపారీ ఖరీదైన వకీలును పెట్టుకోడు. వర్ల్‌పూల్ కేసు దీనికి పూర్తిగా భిన్నం. ఆ అమెరికన్ కంపెనీ ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్ 1977లో రెన్యువల్ లేక పోయింది. ప్రతివాదుల చేతిలో 1992 నాటి రిజిస్ట్రేషన్ ఉంది. అయినా సరిహద్దులు దాటి వచ్చిన పేరుప్రతిష్ఠల ఆధారంగా ఢిల్లీ హైకోర్టు 1994లో మధ్యంతర ఇంజంక్షన్ ఇచ్చింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఈ తరహా కేసుల్లో వాది తరఫు న్యాయవాది ప్లెయింటుతోపాటు ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేసి, అసలు పెట్టె, నకిలీ పెట్టె రెంటినీ బల్లమీద పక్కపక్కన పెడతాడు. ప్రతివాదికి నోటీసు అందకముందే కోర్టు నియమించిన కమిషనర్ గోదాముకు వెళ్లి, సరుకు లెక్కరాసి, సీలు వేసి, దాన్ని భద్రపరిచే బాధ్యతను ప్రతివాదికే అప్పగిస్తాడు. సగం కేసు అక్కడే ముగుస్తుంది. 2002లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రసారాల దొంగతనంపై పేరు తెలియని ప్రతివాదుల మీద కూడా ఉత్తర్వులు వెలువడ్డాయి. వాటికి ‘అశోక్ కుమార్ ఆర్డర్లు’ అని పేరుపడింది.

2005 జనవరి 1 నుంచి మందులకు ఉత్పత్తి పేటెంట్లు వచ్చాయి గనుకే ఈ వృత్తి విస్తరించిందని అనేవారున్నారు. కొంత నిజమే. ఫీజులు పెరగడానికీ, విజ్ఞానశాస్త్రం చదివిన లాయర్లకు గిరాకీ రావడానికీ ఆ సవరణే కారణం. కానీ మందుల కేసుల్లోనూ మధ్యంతర దశే నిర్ణాయకం. ఎర్లోటినిబ్‌పై రోష్ వేసిన దావాలో 2008లో ఢిల్లీ హైకోర్టు ఇంజంక్షన్ నిరాకరించింది. ప్రతివాది సిప్లా మందు మార్కెట్లోనే ఉండిపోయింది. 2015 నవంబరులో హక్కుల ఉల్లంఘన జరిగిందని డివిజన్ బెంచ్ తేల్చేసరికి పేటెంటుకు నెలలే మిగిలాయి, ఇంజంక్షన్ ఇవ్వలేదు. ఈ జాప్యపు రోగం గుర్తించే 2009లో బజాజ్–టీవీఎస్ వివాదంలో సుప్రీంకోర్టు ఇలాంటి దావాలను రోజువారీగా విని నాలుగు నెలల్లో తేల్చాలని చెప్పింది. ఆ మాట చాలాచోట్ల మాటగానే మిగిలింది.

హైదరాబాదు స్థానం ఇక్కడ గమనించదగ్గది. కేన్సర్ మందు గ్లివెక్ పేటెంటు దరఖాస్తును వ్యతిరేకించినవారిలో నాట్కో, హెటిరో రెండూ ఈ నగరపు కంపెనీలే. నెక్సవార్ మందుపై దేశంలో తొలి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు సమ్మతి లేకుండానే తయారీకి ఇచ్చే అనుమతి) 2012 మార్చిలో పొందినదీ నాట్కోనే. నెలకు సుమారు 2,80,000 రూపాయలున్న మందును 8,880కి అమ్మాలన్నది షరతు. అయితే గ్లివెక్ పోరు చెన్నై పేటెంటు కార్యాలయంలో మొదలై 2013 ఏప్రిల్ 1న ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు ముగిసింది. బొంబాయి, మద్రాసు, కలకత్తా, ఢిల్లీ హైకోర్టుల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులకు సివిల్ దావాలు నేరుగా స్వీకరించే ఒరిజినల్ సైడు లేదు. దావా కింది కోర్టులో పుట్టాల్సిందే. ఈ కేసుల్లో ఢిల్లీకున్న ఆధిక్యానికి కంపెనీల కార్యాలయాలే కారణమంటే, అవి మరింత దట్టంగా ఉన్న బొంబాయి ముందుండాలి. వాది తాను వ్యాపారం చేసే చోటే దావా వేయవచ్చన్న వెసులుబాటూ, ఉత్తర్వు ఇవ్వడంలో ఢిల్లీ బెంచీల చొరవా కలిసి లాయర్లను అక్కడికి లాగాయి. ఆ వెసులుబాటుకు 2015లో సంజయ్ దాలియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు హద్దులు పెట్టింది.

2015 కమర్షియల్ కోర్టుల చట్టం వాయిదాల విద్యకు విలువ తగ్గించింది. 120 రోజులు దాటితే ప్రతివాది రాతపూర్వక జవాబుకు తలుపు మూసుకుంటుంది. పత్రాలన్నీ మొదట్లోనే దాఖలు చేయాలి. కోటి రూపాయల కనీస విలువను 2018లో 3 లక్షలకు దించడంతో జిల్లా కోర్టుల న్యాయవాదులకూ ఈ పని చేరింది. అదే ఏడాది తెచ్చిన 12ఎ సెక్షన్ దావాకు ముందు మధ్యవర్తిత్వం కోరుతుంది, కానీ అత్యవసర మధ్యంతర ఉపశమనం అడిగితే మినహాయింపు ఉంది. 2021లో మేధాసంపత్తి అప్పీళ్ల బోర్డు రద్దయి, దాని అధికారాల్లో అధికభాగం హైకోర్టులకు చేరాయి. అదే ఏడాది జులైలో ఢిల్లీ హైకోర్టు ప్రత్యేక మేధాసంపత్తి విభాగం ప్రారంభించింది, 2023లో మద్రాసు అనుసరించింది. పేటెంటు చెల్లదంటూ ప్రతివాది కౌంటర్ క్లెయిమ్ వేస్తే జిల్లా కోర్టులోని దావా సైతం ఇప్పటికీ హైకోర్టుకు బదిలీ అవుతుంది.