మెదడులోని ఖాళీ గదులు

మెదడు బొమ్మను మీరు పాఠ్యపుస్తకంలో చూసే ఉంటారు. దాని లోపల నాలుగు ఖాళీలున్నాయి. వీటిని కుహరికలు అంటారు, వైద్యుల మాటలో వెంట్రికల్స్. పిండదశ నాలుగో వారంలో మూసుకునే నాడీనాళపు బోలుతనమే ఇలా మిగిలిపోతుంది. వీటిలో ఊరే మస్తిష్క మేరు ద్రవం పెద్దవారిలో రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు.

పూర్వులకు ద్రవం సంగతి పట్టలేదు. మనసు నివాసం ఈ గదులేనని నమ్మారు. 4వ శతాబ్దం చివర సిరియాకు చెందిన నెమీసియస్ ముందు గదులకు ఇంద్రియానుభవం, నడిమి గదికి ఆలోచన, వెనుక గదికి జ్ఞాపకం అప్పగించాడు. ఈ పంపకం వెయ్యేళ్లకు పైగా చెల్లింది!

క్రీ.శ. 1508 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ ఏం చేశాడో చూడండి. ఎద్దు మెదడులోకి కరిగించిన మైనం ఎక్కించాడు. అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న మెదడును తొలగిస్తే గదుల అసలు ఆకారం చేతికొచ్చింది. పోత పోసే శిల్పికి తట్టే ఉపాయమే ఇది. విచిత్రమేమిటంటే, ఆ కొత్త బొమ్మ మీద కూడా ఆయన పాత పేర్లే రాశాడు. కన్ను చూసినదాన్ని ఒప్పుకోవడం అంత కష్టం. 1543లో వెసేలియస్ సూటిగా అడిగాడు: జంతువులకూ ఇవే గదులున్నాయి కదా, మరి వివేకం మనిషికే ఉందని ఎలా అంటారు? 1664లో థామస్ విల్లిస్ మానసిక శక్తులను గదుల నుంచి మెదడు పదార్థానికి మార్చాడు.

బతికున్న మనిషిలో వీటిని చూడటం ఎలా? 1918లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ పుర్రెకు రంధ్రం చేసి, ద్రవం తీసి, గాలి నింపి ఎక్స్‌రే తీశాడు. ద్రవం పేరుకుని తల ఉబ్బిన పిల్లలకు అది ఆశే. కాని ప్రమాదమూ తక్కువ కాదు. 1971లో లండన్‌లో తొలి రోగికి సి.టి. స్కాన్ జరిగాక ఆ బాధ క్రమంగా తప్పింది.

స్కాన్లు పెరిగాక మరొకటి బోధపడింది. ఆరోగ్యవంతుల్లోనూ ఎడమ, కుడి కుహరికలు తరచు సమానంగా ఉండవు. వయసుతో అవి పెద్దవవుతాయి. రెండు పార్శ్వ కుహరికల మధ్య తెరలో పుట్టుకతో ఉండే ఖాళీ చాలామందిలో కొన్ని నెలల్లో మూసుకుంటుంది, కొందరిలో జీవితాంతం ఉండిపోతుంది. అందుకే కుహరిక పెద్దదిగా కనిపించగానే వైద్యులు జబ్బు అనరు. రోగి వయసు, నడక, తలనొప్పి, పసివాడైతే తల చుట్టుకొలత కూడా చూస్తారు.