ప్రమాణ సహాయులు

మధ్యయుగమున ఇంగ్లండు దేశపు న్యాయసభలలో అభియోగము మోపబడిన వాని ప్రక్కన పలుమారు 11 మంది ఇరుగుపొరుగువారు నిలుచుచుండిరి. వారు జరిగినదానిని చూచినవారు కారు. ప్రతివాది పవిత్రవస్తువుపై చేయి యుంచి, తనయం దే దోషమును లేదని ప్రమాణము చేసిన పిదప, అతని ప్రమాణము నిష్కల్మషమని వారు ఒకరి వెనుక నొకరు ప్రమాణము చేసెడివారు. అందరును చెప్పవలసిన మాటలను తడబడక చెప్పినచో వ్యాజ్యము ముగిసినట్లే. ఒక్కడు వెనుదీసినను ప్రతివాది ఓడిపోవును.

వీరిని సాక్షులనుట సరికాదు. పాణిని ప్రకారము సాక్షి యనగా సాక్షాత్తుగా చూచినవాడు. మనుస్మృతియు చూచినదానిని, విన్నదానిని చెప్పువానినే సాక్షిగా గ్రహించినది. హిందీలో 'గవాహ్' అని వ్రాసినను ఇదే చిక్కు. వీరికి గల లాటిను పేరునకు 'కూడి శుద్ధి చేయువారు' అని యర్థము. 'ప్రమాణ సహాయులు' అని నేను వ్రాయుచున్నాను గాని ఆ మాటయు నాకు పూర్తిగా తృప్తి నీయలేదు.

ఎందరు కావలెననునది నేరమును, మనిషి అంతస్తును బట్టి యుండెను. ఆంగ్లో సాక్సనుల ధర్మములో ఒక ప్రభువర్గీయుని ప్రమాణము ఆరుగురు సామాన్యుల ప్రమాణములకు సమానము. వేల్సు దేశములో హత్యానిందను తొలగించుకొనుటకు 300 మంది కావలసియుండిరి. ఈ సంఖ్య ఫ్రాంకుల చరిత్రలోను కనబడును. 584లో చిల్పెరిక్ రాజు హత్యకు గురికాగా, పసివాడైన క్లోతారు నిజముగా ఆ రాజు కుమారుడేనా యని రాజసోదరుడు గుంత్రాము సందేహించెను. 585లో రాణి ఫ్రెడెగుండు ముగ్గురు బిషప్పులను, 300 మంది ప్రముఖులను రప్పించి, బిడ్డ చిల్పెరిక్ సంతానమే యని వారిచే ప్రమాణము చేయించినట్లు టూర్సు నగరపు బిషప్పు గ్రెగరీ వ్రాసియున్నాడు. అంతఃపుర రహస్యము 300 మందికి ఎట్లు తెలియును? వారు తెలిపినది తమ జ్ఞానమును కాదు, తాము ఎవరి పక్షమో అది. ఆ బాలుడే 613లో ఫ్రాంకుల కందరికిని రాజయ్యెను.

అయినను ఈ పద్ధతిని అవివేకమని త్రోసివేయరాదు. ఒకరి నడవడి యొకరికి తెలిసిన గ్రామములో, నరకభీతి గల పొరుగువాడు దొంగ కొరకు తన యాత్మను పణముగా పెట్టుటకు జంకును. మన ధర్మశాస్త్రములో శపథము చేయువాడు భార్యాపుత్రుల శిరస్సులను తాకును. అక్కడివాడు పొరుగువారి యాత్మలను తాకట్టు పెట్టెను. కష్టమెల్లయు ఎవరును లేనివానిది. పరదేశి, బీదవాడు, ఒకసారి అబద్ధ ప్రమాణము చేసి పట్టుబడినవాడు, వీరి కొరకు ఎవరు వత్తురు? వారికి మిగిలినది కాలిన యినుము, లేదా నీటి పరీక్ష. యాజ్ఞవల్క్యుడు చెప్పిన తుల, అగ్ని, జలము, విషము, కోశము అను ఐదు దివ్యములను మితాక్షరలోను, 13వ శతాబ్దిలో దానిని తెనిగించిన కేతన గ్రంథములోను చదివిన తెలుగువారి కిది క్రొత్త కాదు.

1166లో రెండవ హెన్రీ క్లారెండను శాసనముచే, స్థానికులు హంతకులనియు దొంగలనియు నిందించినవారిని జలపరీక్షకే పంపెను. వారికి ప్రమాణ సహాయము దక్కలేదు. మతసభలలో పద్ధతి నిలిచినది గాని, సహాయులు తమ నమ్మకమును మాత్రమే ప్రమాణపూర్వకముగా చెప్పిన చాలునని పోపు మూడవ ఇన్నొసెంటు నిర్ణయించెను. ఆయన కాలముననే, 1215 నాటి లాటరన్ మహాసభ దివ్యపరీక్షలలో పురోహితులు పాల్గొనుటను నిషేధించెను.

అప్పు వ్యాజ్యములలో మాత్రము ఈ యాచారము శతాబ్దుల తరబడి కొనసాగెను. ఊరు తెలియని నగరములో పొరుగువారి నెక్కడ తేగలరు? వెస్టుమినిస్టరు న్యాయస్థానమున ద్వారపాలకులే కూలికి మనుష్యులను సమకూర్చు స్థితి వచ్చెను. 1602లో స్లేడు వ్యాజ్యపు తీర్పు వలన ఋణదాతలకు వేరు మార్గము దొరకెను. పాత మార్గము మూతపడలేదు. 1824లో ఒక ప్రతివాది ఈ హక్కును కోరి, ఎందరిని తేవలెనో తెలుపుడని న్యాయస్థానము నడిగెను. న్యాయమూర్తులు సంఖ్యను చెప్పుటకు నిరాకరించిరి. వాది వ్యాజ్యమునే విడిచిపెట్టెను. తొమ్మిదేండ్ల తరువాత, 1833లో, పార్లమెంటు ఈ పద్ధతిని రద్దు చేసెను.