నాలుగు బోల్టుల బీటిల్

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు పట్టి ఉంచేవి నాలుగే నాలుగు బోల్టులు. పైన రెండు, కింద రెండు. వాటిని విప్పి, వైర్లు, పెట్రోల్ పైపు, యాక్సిలరేటర్ కేబుల్, హీటర్ గొట్టాలు ఊడదీస్తే వంద కిలోలకు పైబడిన ఇంజిన్ జాకీ మీదికి దిగిపోతుంది. దానికి క్రేన్ అక్కర్లేదు, పెద్ద షెడ్డూ అక్కర్లేదు. 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి బీటిల్ బయటికి వచ్చేనాటికి తయారైన కార్ల లెక్క 2,15,29,464. వాటిలో ఎన్నో ఇప్పటికీ తిరుగుతున్నాయంటే కారణం ఒక్క జర్మన్ ఇంజినీర్ల ప్రతిభే కాదు. ఇంజిన్ దించి, బాగుచేసి, మళ్లీ ఎక్కించడం నేర్చుకున్న మామూలు మనుషులు ఆ కారును బతికించారు.

నీళ్లు అక్కర్లేని ఇంజిన్

1930ల జర్మనీలో సామాన్యుడికి కారు కొనే స్తోమత లేదు, కొన్నా పెట్టుకోవడానికి షెడ్డు లేదు. చలికాలం రాత్రంతా బండి ఆరుబయటే ఉండాలి. రేడియేటర్‌లో నీళ్లు గడ్డకడితే ఇంజిన్ పగులుతుంది. గాలికి ఆ బెడద లేదు. అది గడ్డకట్టదు, మరగదు, కారిపోదు. అందుకే ఫెర్డినాండ్ పోర్షే బృందం గాలితో చల్లబడే ఇంజిన్‌ను ఎంచుకుంది. దానికి రూపమిచ్చిన ఇంజినీరు ఫ్రాంజ్ రైమ్‌స్పీస్. పక్కకు రెండేసి చొప్పున పడుకోబెట్టిన నాలుగు సిలిండర్లు, వాటి చుట్టూ మన బుల్లెట్ బండికి ఉన్నట్టే రెక్కలు. డైనమోతో పాటు తిరిగే ఫ్యాన్ రేకు తొడుగుల గుండా వాటి మీదికి గాలి తోస్తుంది. రేడియేటర్, నీళ్ల పంపు, వాటి పైపులు లేకపోవడంతో ఇంజిన్ పొట్టిగా తయారై వెనక చక్రాల అవతల ఇమిడింది. తేలిగ్గా ఊడి రావడం కూడా ఆ పొట్టితనం చలవే.

డబ్బు కట్టినా దక్కలేదు

ఈ కారు పుట్టుకలో చీకటి ఉంది. 1938 మే 26న ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసిన హిట్లర్, వారానికి ఐదు మార్కులు పొదుపు చేసిన ప్రతి కుటుంబానికీ కారు వస్తుందని ప్రచారం చేయించాడు. 3.3 లక్షల మందికి పైగా చేరారు. ఆ పథకం కింద ఒక్కరికీ కారు అందలేదు. యుద్ధం మొదలవడంతో ఫ్యాక్టరీ సైనిక వాహనాలకు మళ్లింది. ఆక్రమిత దేశాల నుంచి తెచ్చిన వాళ్లతో, ఖైదీలతో అక్కడ వెట్టి చాకిరీ చేయించారు. 1945లో బాంబుల దెబ్బ తిన్న ఆ ఫ్యాక్టరీ బాధ్యత బ్రిటిష్ సైన్యంలోని మేజర్ ఇవాన్ హర్స్ట్ మీద పడింది. ఆయన చొరవతో బ్రిటిష్ సైన్యం 20,000 కార్లకు ఆర్డరు పెట్టింది. బీటిల్ ఆ ఆర్డరుతోనే నిలదొక్కుకుంది. 1972 ఫిబ్రవరిలో ఫోర్డ్ మోడల్ టీ ఉత్పత్తి రికార్డును దాటేసింది.

టావోస్ మెకానిక్ రాసిన పుస్తకం

ఆ కారు మీద యజమానికి పూర్తి అధికారం చేతికొచ్చింది మాత్రం అమెరికాలో. జాన్ మ్యూర్ చదివింది స్ట్రక్చరల్ ఇంజినీరింగ్. ఉద్యోగం వదిలి న్యూ మెక్సికోలోని టావోస్‌లో ఫోక్స్‌వ్యాగన్లు బాగుచేస్తూ గడిపారు. 1969లో ఆయన వెలువరించిన రిపేరు పుస్తకం స్పానర్ ఎన్నడూ పట్టని వాళ్లను ఉద్దేశించి రాసింది. బల్ల మీద తెరిచి పెడితే మూసుకుపోకుండా తీగ చుట్ట బైండింగ్, పీటర్ ఆష్వాండెన్ గీసిన బొమ్మలు, పక్కన నిలబడి చెబుతున్నట్టుండే భాష. లక్షల ప్రతులు అమ్ముడైన ఆ పుస్తకం, ఇంజిన్ దించి ఎక్కించడం ఇంటి ముందు చేసుకునే పనే అని ఒక తరాన్ని నమ్మించింది.

ఎక్కించడమే అసలు పరీక్ష

దించడం సులువే, ఓర్పు కావాల్సింది ఎక్కించేటప్పుడు. కారు వెనక భాగాన్ని గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీని నమ్మి కారు కిందికి దూరకూడదు. ముందుగా క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు సరిగ్గా నడిమధ్యకు తేవాలి. పాత గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్క ఒకటి ఉంటే ఆ పని తేలిక. తర్వాత ఇంజిన్‌ను జాకీతో లేపి, గేర్‌బాక్స్ ఏ వాలులో ఉందో అదే వాలుకు తెచ్చి, ముందుకు నెట్టాలి. షాఫ్ట్ పళ్లు క్లచ్ ప్లేటు గాడుల్లో పడకపోతే గేరు వేసి, క్రాంక్ పుల్లీని మెల్లగా తిప్పాలి. పళ్లు కలిసిన క్షణం ఇంజిన్ జారి వెళ్లి గేర్‌బాక్సుకు అతుక్కుంటుంది.

అతుక్కోలేదా, ఆగాలి. ఖాళీ మిగిలి ఉండగా బోల్టులు బిగించి లాగితే క్లచ్ ప్లేటు వంగుతుంది, గేర్‌బాక్స్ అంచు చిట్లుతుంది. ఇంజిన్ బరువు షాఫ్ట్ మీద వేలాడనివ్వకూడదు. పై బోల్టుల నట్లు ఫ్యాన్ తొడుగు వెనక ఉంటాయి. కన్ను ఆననిచోట వేళ్లతోనే తడిమి పెట్టాలి, ఆ సమయంలో కింద ఇంకొకరు బోల్టు పట్టుకోవడం మేలు. బిగింపు 30 న్యూటన్ మీటర్లు చాలు.

రేకుల అంచున చుట్టూ ఉండే రబ్బరు పట్టీని అలక్ష్యం చేయరాదు. అది లేకపోతే కిందినుంచి వేడిగాలి ఫ్యాన్‌లోకే తిరిగొచ్చి ఇంజిన్ కాలిపోతుంది. పాతబడిన పెట్రోల్ గొట్టాన్ని మార్చి తీరాలి, ఈ కార్లు తగలబడటానికి ముఖ్య కారణం అదే. రెండున్నర లీటర్ల ఆయిల్ పోసి, కాయిల్ వైరు తీసి ఉంచి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పాలి. ఆ తర్వాతే వైరు మళ్లీ తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

విప్పే హక్కు

ఇదంతా పాత కార్ల మోజు కబురు కాదు. ఇప్పటి కార్లలో చిన్న లోపానికీ కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, కంపెనీ పనిముట్టు కావాలి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు పోర్టల్‌ను తెరిచింది, అందులో వాహన రంగాన్నీ చేర్చింది. అది మంచి అడుగు, కానీ పోర్టల్‌తోనే సరిపోదు. రిపేరు పుస్తకాలు, విడిభాగాలు, లోపం కనిపెట్టే పరికరాలు వీధి మెకానిక్‌కూ యజమానికీ అందాలని చట్టమే చెప్పాలి. కొన్నవాడు విప్పగలిగిన వస్తువు ఎంతకాలం బతుకుతుందో బీటిల్ రుజువు చేసింది.