గాజుపలకమీద జలపాతము

మా ఇంటి గోడకు వ్రేలాడు కాలెండరులో ఒక జలపాతము కలదు. అడవి నడుమ నల్లని బండలమీదుగా మీగడ జారినట్లు అందు నీరు జారుచుండును. జలపాతము ముంగిట నిలిచినవారికి ఎన్నడును ఇట్టి నీరు కంటబడదు. కంటికి తెలియునది విరిగిపడు ధారయు, చెదరిపోవు తుంపరలును. ఎవరును కన్నులార చూడని ఈ మేలిముసుగు నీరు మన గోడలమీదికి ఎట్లు వచ్చినది? ఆ చరిత్ర వెదుకబోయి మేము అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో, యోసెమిటీ లోయలో తేలితిమి.

ఫోటోగ్రఫీకి పుట్టుకనుండియు కదలు వస్తువు చిక్కలేదు. 1838లో డాగురే పారిసు నగరమున ఒక వీధిని చిత్రించెను. బండ్లు, గుఱ్ఱములు, జనము తిరుగు వీధియే. కాని పలకమీద వీధి శూన్యము. బూట్లు తుడిపించుకొనుచు కదలక నిలిచిన మనిషియొకడు, తుడుచువాని మసక ఛాయతోపాటు, మిగిలెను. తక్కినవారందరు మాసిపోయిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనితో పని కలదు.

1851లో ఇంగ్లండున ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడిపలక పద్ధతిని ప్రకటించెను. కొలోడియను అను జిగురుద్రవమును గాజుపలకపై పూసి, చీకటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తడి ఆరకముందే రసాయనములతో బొమ్మను తేల్చవలెను. ఆలస్యమైనచో పలక పాడు. అనగా ఫోటోగ్రాఫరు అడవికి పోయినచో చీకటిగదియు వెంట పోవలెను!

1861లో కార్లటన్ వాట్కిన్స్ అట్లే పోయెను. ఆయన 1829లో న్యూయార్కు రాష్ట్రమున పుట్టి, బంగారపు వేటనాళ్ళలో కాలిఫోర్నియా చేరినవాడు. సుమారు 18 అంగుళములు, 22 అంగుళములు కొలతగల పలకలు పట్టు కెమెరాను వెంట కొనిపోయెను. అంత పెద్దది ఎందుకనగా, ఆ రోజులలో చిన్న బొమ్మను పెద్దది చేయుట సులభము కాదు. కాగితముమీద బొమ్మ ఎంత కావలెనో గాజుపలకయు అంత ఉండవలెను. గుడారము, మందుల సీసాలు, పగులనున్న గాజు, ఇవన్నియు కంచరగాడిదల వీపులమీద కొండదారి ఎక్కినవి. 30 పెద్ద నెగటివులతో, నూరువరకు జంటబొమ్మల నెగటివులతో ఆయన తిరిగివచ్చెను.

అడవిలో వెలుతురు అతనికి పెట్టిన చిక్కు మామూలుది కాదు. కొలోడియను పలక నీలి వెలుగునే చక్కగ గ్రహించును. ఆకుల పచ్చన, మానుల ఎఱ్ఱన దానికి ఇంచుమించు చీకటితో సమానము. అందుపైన నీడ. దగ్గరి బండయు దూరపు శిఖరమును రెండును స్పష్టముగ రావలెనన్నచో కటకపు రంధ్రమును చిన్నది చేయవలెను. అప్పుడు లోపలికి వచ్చు వెలుగు మరింత తగ్గును. ఆకాశమును, నురుగు నీరును క్షణములలో పలకను తెల్లగ కాల్చివేయగా, చెట్లు ఇంకను నల్లగనే ఉండును. చెట్లకొరకు కటకపు మూత తీసియుంచిన కొలది నీరు తన రూపము కోల్పోవును. ఒక్కొక్క చుక్క పడిన దారియెల్ల పలకమీద ఒకదానిపైనొకటి పేరుకొని తుదకు తెల్లని వస్త్రమగును. ఇది చిత్రకారుని ఊహ కాదు, అడవి చీకటికి చెల్లించిన మూల్యము. గాలి వీచినచో ఆకులకును ఇదే గతి.

చిత్రమేమనగా, అచ్చటి 617 అడుగుల జలపాతమొకదానికి ‘వధువు మేలిముసుగు’ అను అర్థమిచ్చు బ్రైడల్‌వెయిల్ అను పేరు 1850ల దశకముననే వచ్చినది. పేరు ముందు, దానికి తగిన బొమ్మ వెనుక! ఆ లోయవారు దానిని పొహోనో అనిరి.

1862లో ఈ పటములు న్యూయార్కున ప్రదర్శింపబడినవి. 1864 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ రేమండ్ అనునతడు లోయను కాపాడవలెనని సెనేటరు జాన్ కాన్నెస్‌కు లేఖ వ్రాసి, లోయ చిత్రములను కూడ పంపెను. ఆ ఏడు జూన్ 30న లింకను శాసనముమీద సంతకము చేసెను. లోయయు, మారిపోసా మహావృక్షముల తోపును ప్రజల వినియోగార్థము కాలిఫోర్నియా రాష్ట్రమునకు అప్పగింపబడినవి. లింకను కాలిఫోర్నియాలో ఎన్నడును అడుగు పెట్టలేదు.

ఆ పెద్దపటములలో లోయ నిర్మానుష్యముగ కనబడును. పారిసు వీధివలె దీర్ఘకాలపు వెలుగు మనుష్యులను మాపివేసినదా? కాదు. వాట్కిన్స్ రాకకు పదేండ్ల ముందు, 1851లో, మారిపోసా బెటాలియను అను సాయుధదళము ఆ లోయలో ప్రవేశించి, అహ్వానీచీ జనులను తరిమి, వారి గ్రామములను తగులబెట్టెను. తరువాత కొందరు తిరిగివచ్చిరి. కాని పటము చూచినవారు అది ఆదినుండి ఎవరును లేని చోటని తలచిరి. కెమెరా చేయని పనిని తుపాకి చేసినది.

వాట్కిన్స్ తరువాత ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1867లోను, 1872లోను అదే లోయకు పోయెను. దృశ్యమునకు అడ్డువచ్చిన చెట్లను ఇతడు నరికించెనని ఆనాటి పత్రిక వ్రాసినది. అడవి బొమ్మకొరకు అడవిని నరుకుట మాకు మింగుడు పడలేదు. ఈ మైబ్రిడ్జియే 1878లో పాలో ఆల్టో వద్ద 12 కెమెరాలు వరుసగ నిలిపి, పరుగెత్తు గుఱ్ఱమును రెప్పపాటుకన్న ఎన్నోరెట్లు తక్కువ కాలములో పట్టెను. అప్పుడును వాడినది తడిపలకయే! ఎండ మండుచుండెను, వెనుక తెల్లని తెర కట్టబడెను, నల్లని ఛాయారూపము చాలునని సరిపెట్టుకొనిరి. అడవిలో ఆ మూడును కుదరవు.

1871లో మాడాక్సు జెలటిను పొడిపలకను, 1873లో ఫోగెల్ పచ్చ వెలుగును పలకకు పట్టించు రంగుల కిటుకును కనిపెట్టిరి. నేడు అరచేతిలోని ఫోనుకూడ తుంపరను తుంపరగ నిలుపగలదు. అయినను ఫోటోగ్రాఫర్లు మూడుకాళ్ళ పీట నిలిపి, వెలుగు తగ్గించుటకు నల్లని గాజు తగిలించి, కొన్ని సెకనులు కాచి, వాట్కిన్స్‌కు తప్పనిసరియైన ఆ మీగడ నీటినే కోరి తెచ్చుకొనుచున్నారు.

వాట్కిన్స్ నెగటివులు 1870ల దశకమున అప్పులక్రింద పరుల పాలైనవి. అతడు మరల కొండలెక్కి కొత్తవి తీసెను. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపమును, దాని వెనుక అగ్నియును అతని పనిశాలను బూడిద చేసినవి. అప్పటికి అతనికి చూపు దాదాపు పోయినది. చేతికఱ్ఱ పట్టుకొని, ఇతరుల ఆసరాతో వీధిలో నడచిపోవుచున్న ఆ వృద్ధుని ఎవరో ఫోటో తీసిరి. ఆ ఫోటో నేటికిని ఉన్నది.