జాజు గోడల చరిత్ర ఎవరు రాయాలె?

భూపాలపల్లి ప్రాంతంలోని పాండవుల గుట్ట రాళ్లమీద ఎర్రరంగు బొమ్మలు 1990లో వెలుగులోకొచ్చినయి. ఆ ఎరుపు ఇనుము కలిసిన మన్నుది. అటువంటి మన్నునే మా వాడల్లో జాజు అంటరు. గుట్టమీది ఎరుపు చరిత్ర అయింది. మా అమ్మలు గోడకు పూసిన ఎరుపు మాత్రం 'ఆడోళ్ల ఇంటిపని'గా మిగిలిపోయింది.

పండుగొస్తే గోడ నెర్రెలు పూడ్చి, పెండా మన్నూ కలిపి అలికేటోళ్లు. ఆరినంక నానబెట్టిన జాజు గుడ్డతోని పూసి, సున్నంతో పట్టెలు గీసేటోళ్లు. ఎన్ని నీళ్లు పట్టాలె, గోడ ఎంత ఆరాలె అన్నది బడి చెప్పిన చదువు కాదు, తల్లి చేతినుంచి బిడ్డ చేతికి వచ్చిన విద్య.

ఆ చేతులే దొరల వాకిళ్లు, పశువుల కొట్టాలు వెట్టికి అలికినయి. అలికిన మనిషి మాత్రం గడప దాటొద్దు. 1950లో అమలైన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. గడపలు అంత తొందరగా మారలేదు.

ఇయ్యాల అదే రంగు 'టెర్రకోట' పేరుతో డబ్బాల్లో అమ్ముడుపోతున్నది. పెద్దిండ్ల హాలు గోడకు అది అభిరుచి, వాడ గోడకు పేదరికం. రంగు ఒక్కటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? గోడ ఎవరిదన్నదాన్ని బట్టే విలువ కడుతున్నరని మేము అంటున్నం.

అందుకే విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊర్లల్ల అవ్వలను అడగాలె: జాజు ఎక్కడ తవ్వేటోళ్లు? ఎవరిండ్లకు పూసిండ్రు? కూలేమన్న ఇచ్చిండ్రా? ఆ జవాబులు రాసుకోకపోతే గోడలతోపాటే మన చరిత్రా కూలిపోతది.