ప్రళయకావేరి ఒడ్డుకు

ఈ శీతాకాలంలో బుచ్చిరెడ్డిపాలెం నుంచి రెండు రోజుల విహారానికి పులికాట్‌ను ఎంచుకున్నాను. మనవారు ప్రళయకావేరి అని పిలుచుకునే సరస్సుకు దక్షిణపు కొసన, తమిళనాట ఉన్న చిన్న ఊరది. మొదటి రోజు నేలపట్టులో గూడబాతులు. రెండవ రోజు పొన్నేరి మీదుగా ఆ ఊరు.

అక్కడ నీళ్ళే కాదు, చరిత్రా ఉంది మిత్రులారా! విజయనగర ప్రభువు వేంకటపతిరాయల అనుమతితో 1610లో డచ్చివారు అక్కడ స్థిరపడి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690 వరకు కోరమాండల్ తీరంలో వారి ముఖ్యస్థావరం అదే. అద్దకపు బట్టలతో పాటు మనుషులను కూడా బానిసలుగా ఓడలకెక్కించారు.

నేడు కోట శిథిలం. డచ్చివారి సమాధులు మాత్రం చెక్కిన పేర్లతో నిలిచే ఉన్నాయి. పేరైనా మిగలక ఓడలెక్కినవారికి రాయి లేదు. అందుకే సమాధుల వద్ద గడిపినంతసేపూ రేవు వద్ద కూడా గడపాలని నిశ్చయించుకున్నాను.