గుండె వైఫల్యం: గుండె వేగం, రక్తపోటులతో దాని సంబంధం

శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోయినా, తన గదుల్లో పీడనం బాగా పెరిగితే తప్ప పంపలేకపోయినా ఆ స్థితిని గుండె వైఫల్యం అంటారు. నడిస్తే ఆయాసం, పాదాల వాపు, వెల్లకిలా పడుకోలేకపోవడం, విడవని నీరసం దీని ముఖ్య లక్షణాలు. రోగి ఎన్నాళ్లు బతుకుతాడో, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరవలసి వస్తుందో అంచనా వేయడానికి వైద్యుల దగ్గరున్న కొలతల్లో అన్నిటికన్నా పాతవి, ఖర్చు లేనివి రెండే: నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, బీపీ ఎంత ఉంది. ఈ రెండు అంకెల అర్థం మాత్రం వైద్యులకు ఒక్కనాటికి తెలియలేదు. జబ్బు రాకముందు ఎక్కువ రక్తపోటు గుండెను చెడగొడుతుంది. జబ్బు ముదిరాక తక్కువ రక్తపోటే ప్రమాద సూచన అవుతుంది. గుండె వేగం పెరగడాన్ని శరీరం తనకు తాను చేసుకునే సాయమని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం తప్పని తేలడానికి పాతికేళ్ల పరిశోధన కావలసి వచ్చింది.

రక్తపోటును మొదట కొలిచినవాడు ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్. ఒక ఆడగుర్రాన్ని వెల్లకిలా కట్టిపడేసి, తొడ ధమనిలోకి ఇత్తడి గొట్టం చొప్పించి, దానికి పొడవాటి గాజు గొట్టం అమర్చాడు. రక్తం ఆ గొట్టంలో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేచి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకీ కిందికీ ఊగింది. ఈ ప్రయోగం 1733లో అచ్చయింది. మనుషులకు పనికొచ్చే పద్ధతి రావడానికి మరో నూటఅరవై ఏళ్లు పట్టింది. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి చేతికి చుట్టే గాలి పట్టీని తయారుచేశాడు. 1905లో రష్యా శస్త్రవైద్యుడు నికొలాయ్ కొరొత్కోవ్ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి, వినిపించే చప్పుళ్లను బట్టి పై అంకెను, కింది అంకెను పట్టుకోవచ్చని చూపాడు. ఆసుపత్రుల్లో నేటికీ ఆ పద్ధతి నడుస్తోంది.

నాడి చూడడం అంతకన్నా ఎంతో ప్రాచీనం. గుండె వైఫల్యానికీ నాడికీ ముడి పెట్టిన తొలి ముఖ్య రచన మాత్రం 1785లో బర్మింగ్‌హామ్ వైద్యుడు విలియం విథరింగ్ రాసిన పుస్తకం. ఒంటికి నీరు పట్టినవారికి ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకు ఇస్తే మూత్రం జారీ అయి వాపు తగ్గడం ఆయన గమనించాడు. గుండె కదలిక మీద ఆ మందుకున్న పట్టును కూడా నమోదు చేశాడు. ఆ ఆకులోని డిజిటాలిస్ రెండు వందల ఏళ్లు ఈ జబ్బుకు ప్రధాన ఔషధంగా నిలిచింది. చివరకు 6,800 మందిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1997లో వచ్చాయి. ఆ మందు ఆసుపత్రి చేరికలను తగ్గించింది గాని ఆయుష్షును పెంచలేదు.

రక్తపోటు కారణంగానే గుండె దెబ్బతింటుందన్న సంగతి 20వ శతాబ్దం మధ్యలో గాని రూఢి కాలేదు. అంతవరకు వయసుతో పాటు బీపీ పెరగడం సహజమని, అవయవాలకు రక్తం అందాలంటే అది అవసరమని భావించిన పెద్ద వైద్యులు ఉన్నారు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన అధ్యయనం ఆ భావనను పడగొట్టింది. ఈ అధ్యయనం ఆధారంగా 1996లో ప్రకటించిన లెక్క ప్రకారం, గుండె వైఫల్యం వచ్చినవారిలో 91 శాతం మందికి అంతకుముందే అధిక రక్తపోటు ఉంది. పీడనానికి ఎదురు పనిచేసి పనిచేసి ఎడమ జఠరిక గోడ మందమవుతుంది, బిరుసెక్కుతుంది. తర్వాత కొందరిలో సాగిపోయి బలం కోల్పోతుంది. గుండెపోటు వచ్చి కొంత కండరం చచ్చిపోతే ఈ పతనం ఇంకా తొందరగా జరుగుతుంది.

బీపీ తగ్గిస్తే దీన్ని ఆపవచ్చని ఎడ్వర్డ్ ఫ్రీస్ నాయకత్వంలో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు నిరూపించాయి. 1970లో వెలువడిన వారి ఫలితాల్లో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వర్గంలో 11 మందికి గుండె వైఫల్యం వచ్చింది, అసలు మందు వాడిన వర్గంలో ఒక్కరికీ రాలేదు. 80 ఏళ్లు దాటినవారిపై జరిపిన హైవెట్ పరీక్ష (2008) గుండె వైఫల్యం 64 శాతం తగ్గిందని చూపింది. పై బీపీని 120 కన్నా కిందికి దించడం లక్ష్యంగా పెట్టుకున్న స్ప్రింట్ పరీక్షలో (2015) 38 శాతం తగ్గింది. ఈ వరుసలో ఆల్‌హాట్ పరీక్ష ఒక హెచ్చరిక. అందులో డాక్సాజోసిన్ అనే బీపీ మందు వాడినవారికి, మూత్రం జారీచేసే క్లోర్‌థాలిడోన్ వాడినవారికన్నా, గుండె వైఫల్యం రెట్టింపు వచ్చింది. దాంతో 2000లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రెండు వర్గాల బీపీలో తేడా కొద్దిపాటిదే. కనుక అంకె ఎంత దిగిందన్నదే కాదు, ఏ మందుతో దిగిందన్నదీ చూడాలి.

జబ్బు స్థిరపడ్డాక లెక్క తిరగబడుతుంది. అమెరికాలో ఆప్టిమైజ్ అనే నమోదు పట్టిక 48,612 చేరికలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. చేరేనాటికి పై బీపీ 120 లోపు ఉన్నవారిలో 7.2 శాతం మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. 120–139 మధ్య ఉన్నవారిలో ఇది 3.6 శాతం, 140–161 మధ్య 2.5 శాతం, అంతకు పైన 1.7 శాతం. దీర్ఘకాలిక రోగులపై జరిగిన పది అధ్యయనాలను కలిపి చూసిన 2009 నాటి విశ్లేషణలోనూ ఇదే ధోరణి కనిపించింది. పై అంకె ప్రతి 10 మిల్లీమీటర్లు ఎక్కువైన కొద్దీ మరణాలు 13 శాతం చొప్పున తక్కువగా ఉన్నాయి.

ఈ వైపరీత్యానికి కారణం గుండెలోనే ఉంది. రక్తనాళాల నిరోధానికి ఎదురుగా గుండె ఎంత రక్తం నెట్టగలిగితే అంత పీడనం పుడుతుంది. నాళాలు శక్తికొద్దీ బిగుసుకున్నా పై అంకె 90, 100 దగ్గరే నిలిచిందంటే గుండె దగ్గర నిల్వ బలం మిగల్లేదన్నమాట. మంచం పక్కన నిలబడ్డ వైద్యుడు పై అంకె ఒక్కదానితో ఆగడు. బీపీ 100/80 అనుకుంటే రెంటి మధ్య తేడా 20, అంటే పై అంకెలో ఐదోవంతు. ముదిరిన గుండె వైఫల్యంలో ఈ తేడా పావువంతు కన్నా తక్కువైతే గుండె పంపే రక్తం బాగా పడిపోయినట్టు భావించాలని 1989లో స్టీవెన్సన్, పెర్లాఫ్ చూపించారు. అదే 100/60 అయితే చేతులు వెచ్చగా ఉండి రోగి నిబ్బరంగా కూర్చొని ఉండవచ్చు. పై అంకె ఒకటే, రోగుల స్థితి వేరు.

తక్కువ బీపీ చెడు సూచన అయినంత మాత్రాన బీపీ తగ్గించే మందులు చెడ్డవని అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ పొరపాటుకు రోగులు ప్రాణాలతో మూల్యం చెల్లిస్తారు. 1987 నాటి కన్సెన్సస్ పరీక్షలో, విశ్రాంతిలోనూ ఆయాసపడే స్థితిలో ఉన్న 253 మందిలో కొందరికి ఎనలాప్రిల్ ఇచ్చారు. ఆరు నెలల్లో మరణాలు 44 శాతం నుంచి 26 శాతానికి తగ్గాయి. ఈ మందు నాళాలను సడలించి బీపీని దించుతుంది, అయినా ఆయుష్షు పోస్తుంది. 2014లో పారాడైమ్ పరీక్షలో సాకుబిట్రిల్–వల్సార్టాన్ జోడీ ఎనలాప్రిల్‌నే మించింది. కళ్లు తిరగడం వంటి బాధలతో కూడిన లోబీపీ 14 శాతం మందిలో కనిపించింది, ఎనలాప్రిల్ వర్గంలో 9.2 శాతం. మరణాలు మాత్రం కొత్త మందు వర్గంలోనే తగ్గాయి. లోబీపీ చాలావరకు జబ్బు తీవ్రతకు గుర్తు. బాధలు లేకుండా కేవలం అంకె చూసి ఈ మందులు ఆపడం సరికాదని నేటి వైద్య మార్గదర్శకాలు చెప్పేది అందుకే.

గుండె వేగం కథ ఇంకా పెద్ద మలుపు తిరిగింది. పంపు బలం తగ్గగానే శరీరం అడ్రినలిన్ జాతి రసాయనాలను విడుదల చేసి గుండెను తొందరపెడుతుంది. ఒక్కో దెబ్బకు తక్కువ రక్తం వెళ్తున్నా నిమిషానికి ఎక్కువ దెబ్బలు కొడితే లోటు పూడుతుందన్నది తర్కం. అందువల్ల వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు ఈ రోగులకు విషంతో సమానమని పాఠ్యగ్రంథాలు బోధించాయి. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి ఫిన్ వాగ్‌స్టీన్, ఆకే యాల్మార్సన్ బృందం ఏడుగురు రోగుల సంగతి ప్రకటించింది. అందరిదీ గుండె కండరం చెడిన జబ్బు, విశ్రాంతిలోనూ వేగంగా కొట్టుకునే గుండె. బీటా బ్లాకర్లు కొద్దికొద్దిగా ఇచ్చిన కొన్ని నెలల్లో వారి పరిస్థితి మెరుగుపడింది. ఏడుగురిని చూసి ప్రపంచం నమ్మలేదు. 1984లో జే కోన్ బృందం, రక్తంలో నార్ అడ్రినలిన్ ఎంత ఎక్కువుంటే మరణం అంత దగ్గరని చూపించాక దృష్టి మారింది. ఇంకోవైపు, గుండెను గట్టిగా కొట్టించే మిల్రినోన్ మాత్రలు మరణాలను 28 శాతం పెంచాయని 1991లో తేలింది. అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడిచినట్టే అయింది.

1999లో సిబిస్–2, మెరిట్ పరీక్షలు రెండూ బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్లతో మరణాలు 34 శాతం తగ్గాయని ప్రకటించాయి. నిషేధించిన మందే తప్పనిసరి మందయింది. దీని వెనక శరీరధర్మం స్పష్టంగానే ఉంది. గుండె కండరానికి రక్తం ప్రధానంగా అది సడలినప్పుడే అందుతుంది. వేగం పెరిగితే తగ్గేది ముఖ్యంగా ఆ సడలే సమయమే. ఆరోగ్యంగా ఉన్న గుండె వేగం పెరిగిన కొద్దీ ఇంకా బలంగా ముడుచుకుంటుంది, చెడిన కండరానికి మాత్రం బలం తగ్గిపోతుంది. 23 పరీక్షలను కలిపి చూసిన 2009 నాటి విశ్లేషణ, బీటా బ్లాకర్ల వల్ల నిమిషానికి ప్రతి 5 దెబ్బలు తగ్గినప్పుడు మరణ ప్రమాదం 18 శాతం తగ్గినట్టు లెక్కించింది. మందు మోతాదుతో అలాంటి సంబంధం కనబడలేదు.

మేలు వేగం తగ్గడం వల్లనా, మందుకున్న ఇతర గుణాల వల్లనా అన్న ప్రశ్న మిగిలింది. దీన్ని తేల్చడానికి ఇవాబ్రడిన్ పనికొచ్చింది. ఇది గుండెలోని సహజ లయకేంద్రం మీద మాత్రమే పనిచేసి వేగాన్ని తగ్గిస్తుంది, బీపీని, కండరబలాన్ని ముట్టుకోదు. 2010 నాటి షిఫ్ట్ పరీక్షలో వేగం 70కి తగ్గకుండా ఉన్న ఆరున్నర వేల మందిని తీసుకున్నారు. గుండె సంబంధ మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రి చేరిక 29 శాతం నుంచి 24 శాతానికి తగ్గింది. తగ్గినవి ఎక్కువగా చేరికలే, మొత్తం మరణాలలో గట్టి తేడా రాలేదు. ఇవాబ్రడిన్ తీసుకోని వర్గంలో వేగం 87 దాటినవారికి ప్రమాదం, 70–72 మధ్య ఉన్నవారికన్నా రెట్టింపు పైన. గుండె వైఫల్యం లేని 19,102 మంది గుండె ధమనుల (కరొనరీ) జబ్బు రోగులకు ఇదే మందు ఇచ్చిన సిగ్నిఫై పరీక్షలో (2014) ఏ మేలూ కనబడలేదు. వేగాన్ని తగ్గించడం చెడిన గుండెకు పనికొచ్చింది, చెడని గుండెకు పనికిరాలేదు.

లయ తప్పిన గుండెకు ఈ సూత్రం వర్తించదు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కొన్ని దెబ్బలు మణికట్టు దాకా రావు, అందుకే స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టాలి. పది పరీక్షల్లోని 18,254 మంది వివరాలను కలిపిన 2014 నాటి విశ్లేషణలో, లయ సరిగా ఉన్నవారికి బీటా బ్లాకర్లు ఆయుష్షును పెంచాయి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి పెంచలేదు. గుండె ముడుచుకునే బలం నిలిచి, సడలడం మాత్రం చెడిన రకంలోనూ వేగం తగ్గిస్తే మేలన్న రుజువు లేదు. బిరుసెక్కిన గది ఒక్కో దెబ్బకు పంపే రక్తాన్ని పెంచలేదు, అందుచేత కొందరిలో వేగమే ఆధారం.

భారతదేశంలో ఈ విషయానికి బరువు ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి రోగులు పశ్చిమ దేశాలవారికన్నా వయసులో చిన్నవారు. 2013లో తిరువనంతపురం జిల్లాలో 1,205 మందిని నమోదు చేసిన పట్టికలో సగటు వయసు 61. ఏడాదిలో దాదాపు 31 శాతం మంది మరణించారు. ముడుచుకునే బలం తగ్గినవారిలో డిశ్చార్జి నాటికి మార్గదర్శకాల ప్రకారం మందులు అందినది సుమారు నాలుగోవంతు మందికే. బీపీ, నాడి వేగం పడిపోతాయేమోనన్న భయంతో మోతాదు పెంచకుండా వదిలేయడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. 2022లో వెలువడిన స్ట్రాంగ్ పరీక్ష ఆ భయాన్ని కొలిచి చూసింది. 1,078 మందిలో సగం మందికి డిశ్చార్జి అయిన రెండు వారాల్లో పూర్తి మోతాదు చేర్చాలని, తరచూ పిలిచి పరీక్షించాలని నిర్ణయించారు. పై బీపీ 95 కన్నా, వేగం 55 కన్నా తగ్గితే మోతాదు పెంచరాదన్నది రక్షణ నియమాల్లో భాగం. ఆరు నెలల్లో మరణం లేదా తిరిగి ఆసుపత్రి చేరిక, మామూలు వైద్యంలో 23.3 శాతం, ఈ పద్ధతిలో 15.2 శాతం.